ఎర్రబడిన క్యారీ తీగ: నా అనుభవం

విజయనగరంలో డిప్లొమా చదువుతున్న మా తమ్ముడికి ఫుల్ యాడర్ (మూడు బిట్లను కూడే సర్క్యూట్) పుస్తకంలోని బొమ్మతో బోధపడకపోవడంతో, డిజిటల్ సర్క్యూట్లను తెర మీద గీసి పరీక్షించే, ఉచితంగా దొరికే లాజిసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను మా పాత కంప్యూటర్‌లో ఎక్కించాను. అది జావా అనే మరో సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కనుక ముందు జావా వేయవలసి వచ్చింది.

అందులో ఫుల్ యాడర్ గీసి, ఇన్‌పుట్లు 1, 1, 0 ఇవ్వగానే క్యారీ (కూడికలో పై స్థానానికి వెళ్లే అంకె) తీగ ఎర్రబడింది. ఇందులో లేత ఆకుపచ్చ 1కి, ముదురు ఆకుపచ్చ 0కి, నీలం ఏ విలువా అందని తీగకు, ఎరుపు విలువల ఘర్షణకు గుర్తులు. వెతికి చూస్తే, రెండు ఆండ్ గేట్ల (ఇన్‌పుట్లన్నీ 1 అయితేనే 1 ఇచ్చేవి) అవుట్‌పుట్లను మేము నేరుగా ఒకే తీగకు కలిపాము. ఒకటి 1 ఇస్తుంటే మరొకటి 0 ఇస్తోంది. మధ్యలో ఆర్ గేటు (ఏ ఒక్క ఇన్‌పుట్ 1 అయినా 1 ఇచ్చేది) పెట్టగానే క్యారీ 1, మొత్తం (సమ్) 0 సరిగ్గా వచ్చాయి.

తప్పు ఎక్కడుందో రంగే చూపిస్తుంది కాబట్టి కొత్తవారికి నేను దీన్నే ముందుగా సూచిస్తాను. జావా వేసే వీలు లేనివారు బ్రౌజర్‌లోనే నడిచే ఇలాంటి సాధనమైన సర్క్యూట్‌వెర్స్‌ను వాడుకోవచ్చు.