ఆరుబయట ఆటలకు ఆకాశ పఠనం – నాలుగవ పాఠం: వేసవి మధ్యాహ్నపు ఉరుము మేఘం

గడచిన మూడు పాఠాల్లో గాలి పీడనాన్ని, గాలి దిశను, గాలిలోని తేమను విడివిడిగా గమనించడం నేర్చుకున్నాం. ఈసారి వాటన్నిటినీ కలిపి ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుదాం. ఏప్రిల్, మే నెలల్లో గుట్ట ఎక్కబోయే రోజున ఎన్ని గంటలకల్లా కిందికి దిగి ఉండాలి? ఉదాహరణగా భువనగిరి కోటగుట్టను తీసుకుంటున్నాను. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఈ ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ సాగుతోంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇక్కడే బండలెక్కడం నేర్చుకున్నారు. నున్నటి బండ కాబట్టి నాలుగు చినుకులు పడగానే కాలు నిలవదు. పైనున్న కోట శిథిలాలు ఎండకు నీడనిస్తాయే గాని పిడుగు నుంచి కాపాడవు. ఇలాంటి చోట వాన పడుతుందా లేదా అన్నదాని కన్నా ఎప్పుడు పడుతుందన్నదే ముఖ్యం.

ముందుగా వాతావరణ శాఖ బులెటిన్‌ను సరిగ్గా చదవాలి. "ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన జల్లులు కురిసే అవకాశం ఉంది" అన్న వాక్యాన్ని చాలామంది "మన దగ్గర పడదులే" అని అర్థం చేసుకుంటారు. శాఖ పరిభాషలో ఈ మాటలకు లెక్క ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగోవంతు వరకు వాన నమోదయ్యే అవకాశం ఉంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో అయితే "కొన్ని చోట్ల" అంటారు. అంటే ఈ మాటలు వాన ఎంత మేర విస్తరిస్తుందో చెబుతాయి తప్ప, పడ్డచోట అది ఎంత ఉద్ధృతంగా ఉంటుందో చెప్పవు. ఆ ఒకటి రెండు చోట్లలో మీరున్న గుట్ట ఒకటైతే, గంటకు 40–50 కిలోమీటర్ల ఈదురుగాలి, పిడుగులు, వడగళ్లు అన్నీ మీ మీదే పడతాయి. బులెటిన్‌లో "ద్రోణి" అన్న మాట కనిపిస్తే అది ఏ ఏ ప్రాంతాల మీదుగా సాగుతోందో పటంలో గీసుకోండి. వేసవిలో వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమగాలి ఎదురుపడే గీత అది. ఉరుము మేఘాలు ఎక్కువగా ఆ గీత చుట్టుపక్కలే పుడతాయి.

ఇక మనం స్వయంగా చేయాల్సిన పని ఉదయం ఎనిమిదింటికే మొదలవుతుంది. ఫోన్‌లో కనిపించే తేమ శాతాన్ని అలాగే నమ్మవద్దు, ఎందుకంటే ఉష్ణోగ్రత మారితే ఆ శాతమూ మారిపోతుంది. మనకు కావలసింది డ్యూ పాయింట్, అంటే గాలిని ఎన్ని డిగ్రీలకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. అది నేరుగా దొరక్కపోతే ఒక సులువైన లెక్క ఉంది: తేమ నూటికి ఎన్ని శాతం తక్కువగా ఉందో చూసి, ప్రతి 5 శాతానికి ఒక డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రతలోంచి తీసేయాలి. ఉదయం 28 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందనుకుందాం. నూటికి 30 శాతం తక్కువ, అంటే ఆరు డిగ్రీలు. కాబట్టి డ్యూ పాయింట్ 22. తేమ సగానికి పైగా ఉన్నప్పుడు మాత్రమే ఈ లెక్క నమ్మదగింది, అందుకే దీన్ని పొద్దున్నే చేయాలి. అదే గాలి మధ్యాహ్నానికి 40 డిగ్రీలకు వేడెక్కితే తేమ దాదాపు 36 శాతమే చూపిస్తుంది. అది చూసి గాలి పొడిబారిందని సంతోషించడానికి లేదు, ఎందుకంటే ఆవిరి ఉన్నంతా అలాగే ఉంది.

మధ్యాహ్నపు ఉష్ణోగ్రతకు, డ్యూ పాయింట్‌కు ఉన్న తేడాను 125తో గుణిస్తే మేఘపు అడుగుభాగం నేల నుంచి సుమారు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో తెలుస్తుంది. పై ఉదాహరణలో తేడా 18 డిగ్రీలు కాబట్టి 2,250 మీటర్లు. ఈ అంకె మేఘం ఎత్తును చెప్పి ఊరుకోదు, రాబోయే గాలివాన స్వభావాన్ని కూడా చెబుతుంది. తేడా ఎక్కువగా ఉండి మేఘం ఎత్తులో మొదలైతే, కురిసే చినుకులు కింది పొడిగాలిలో ఆవిరైపోతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. రాయలసీమలో, తెలంగాణలో చాలా వేసవి సాయంత్రాల్లో చినుకు కన్నా ముందు దుమ్ము లేవడానికి కారణం ఇదే. తేడా తక్కువైతే మేఘం దిగువన మొదలై, గాలి కొంత తక్కువగా, వాన ఎక్కువగా ఉంటుంది. ట్రెక్కింగ్ చేసేవారికి రెండోది ఇబ్బంది, బండ మీద తాడుతో వేలాడేవారికి మొదటిది ప్రమాదం. డ్యూ పాయింట్ 20 దాటిన రోజున, ముందురోజు కన్నా పెరిగిన రోజున, గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంటే నేను మధ్యాహ్నపు కార్యక్రమమేదీ పెట్టుకోవద్దంటాను.

పదకొండు గంటల నుంచి కళ్లు ఆకాశం మీద ఉండాలి. అడుగున చదునుగా, పైన ఉబ్బుగా ఉండే చిన్న మేఘాలు పుట్టడం మామూలే, వాటికి భయపడనక్కర లేదు. అయితే వాటిలో ఒకదాన్ని ఎంచుకుని పది నిమిషాలు విడవకుండా చూడండి. వెడల్పే ఎక్కువగా ఉండి, అంచులు కరిగిపోతూ ఉంటే దానికి బలం లేదు. ఎత్తు వెడల్పును మించిపోయి, అంచులు గోబీ పువ్వులా బిగుతుగా, తెల్లగా, గట్టి గీతతో మెరుస్తూ, ఒక బొడిపె మీద ఇంకో బొడిపె లేస్తూ ఉంటే ఆ మేఘం పెరుగుతోందని అర్థం. గట్టి అంచు నీటి బిందువులకు గుర్తు. కాసేపటికి అదే శిఖరం పీచులా చెదిరి మసకబారితే పైభాగం మంచు స్ఫటికాలుగా మారిందన్నమాట, అప్పటికది క్యుములోనింబస్, అంటే ఉరుము మేఘం. ఈ మార్పును మేఘం తగ్గిపోతోందని పొరబడేవారు ఎక్కువ. నిజానికి మేఘంలో విద్యుదావేశాలు వేరుపడి మెరుపులు మొదలయ్యేది ఆ దశలోనే. తర్వాత శిఖరం చదునై ఒక వైపుకు సాగుతుంది. పై గాలి ఎటు వీస్తోందో ఆ సాగిన తల చూపిస్తుంది. అది మీ వైపు సాగుతుంటే ఇక సామాన్లు సర్దుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుందని మీకు తెలుసు. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్న మేఘం నుంచి కూడా పిడుగు మీ మీద పడగలదు. మీరు సురక్షితమైన చోటికి దిగడానికి 40 నిమిషాలు పడుతుందని, మేఘం గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తోందని అనుకోండి. ఆ 40 నిమిషాల్లో అది 20 కిలోమీటర్లు ముందుకొస్తుంది. దానికి పిడుగు చేరగల 10 కిలోమీటర్లు కలిపితే, మేఘం 30 కిలోమీటర్ల దూరంలో ఉండగానే మీరు దిగడం మొదలుపెట్టాలి. కానీ ఉరుము సాధారణంగా 15 కిలోమీటర్ల లోపే వినిపిస్తుంది. కాబట్టి ఉరుము విన్నాక దిగుదామనుకున్న బృందం అప్పటికే కనీసం అరగంట ఆలస్యమై ఉంటుంది. ఈ పాఠంలో మీరు మరచిపోకూడనిది ఏదైనా ఉంటే ఈ లెక్కే. మీ బృందం దిగడానికి పట్టే సమయాన్ని, అందులోనూ అందరికన్నా నెమ్మదిగా నడిచే వ్యక్తికి పట్టే సమయాన్ని, వేసి చూసుకోండి.

కంటికి, చెవికి అందని ఆ దూరాన్ని రాడార్ చూపిస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం డాప్లర్ రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిత్రం మీద ఉండే సమయం అంతర్జాతీయ సమయం కనుక దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఇది మరచి పాత చిత్రాన్ని చూసి నిశ్చింతగా ఉన్నవారున్నారు. రంగుల పట్టీలో 40 dBZ (మేఘం నుంచి తిరిగొచ్చే రాడార్ తరంగాల బలానికి కొలత) దాటిన భాగాలు గట్టి వానకు, 50 దాటినవి వడగళ్లకు కూడా అవకాశమున్న చోట్లు. ఒక్క చిత్రంతో ప్రయోజనం లేదు. వరుసగా మూడు చూస్తేనే మేఘం దిశ, వేగం తెలుస్తాయి. పుణెలోని ఐఐటీఎం (భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) రూపొందించిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగుల హెచ్చరికలను చూపిస్తుంది. అయితే మీ నెత్తిన కొత్తగా పుట్టే మేఘాన్ని ఏ యాప్ కూడా ముందుగా పట్టుకోలేదు, అందుకే పైన చెప్పిన గోబీ పువ్వు పరీక్షను మానకండి.

ఇంత చూసుకున్నా ఎప్పుడో ఒకసారి చిక్కుకుపోవచ్చు. ఉక్కపోతలో హఠాత్తుగా మట్టివాసనతో చల్లటి గాలి తగిలితే హాయిగా ఉందని నిలబడవద్దు. అది మేఘం నుంచి దిగివచ్చిన గాలి, ఈదురుగాలి దాని వెంటే ఉంటుంది. తాడు మీదున్నవారిని వెంటనే దించాలి. శిఖరాన్ని, ఒంటరి చెట్టును, ఇనుప రెయిలింగును, తడిసిన తాడును వదిలి దూరం జరగాలి. బండ కింది లోతులేని గుహలో నక్కడం కూడా సురక్షితం కాదు, ఎందుకంటే పిడుగు విద్యుత్తు రాతి ఉపరితలం మీద పాకి ఆ ఖాళీని దాటుతుంది. పక్కా భవనం గాని, అద్దాలు ఎత్తిన కారు గాని చేరగలిగితే అదే రక్షణ. చేరలేకపోతే ఒకరికొకరు దూరంగా ఉండండి, ఒక్క పిడుగుకు అందరూ గాయపడితే సాయం చేసేవారే ఉండరు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్న భయం నిరాధారం. వారి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. ఊపిరి, నాడి ఆగితే ఆ క్షణమే సీపీఆర్ మొదలుపెట్టి, ఇంకొకరితో 108కు ఫోన్ చేయించాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట గడిచే వరకు తిరిగి ఎక్కవద్దు.

అభ్యాసం: వచ్చే పాఠం వరకు రోజూ ఉదయం ఎనిమిదింటికి డ్యూ పాయింట్‌ను, గాలి దిశను రాసుకోండి. మధ్యాహ్నం మేఘపు అంచు గట్టిగా ఉందో మసకగా ఉందో ఒక్క మాటలో రాసి, సాయంత్రం ఏం జరిగిందో పక్కనే చేర్చండి. వాన పడని రోజుల వివరాలు తప్పక రాయాలి, డ్యూ పాయింట్ 22 ఉన్నా మేఘం ఎందుకు ఎదగలేదన్న ప్రశ్న వాటి నుంచే పుడుతుంది. ఐదవ పాఠంలో ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, విశాఖ తీరంలో మధ్యాహ్నానికి లోపలికి వచ్చే సముద్రపు గాలి తూర్పు కనుమల అంచున మేఘాలను ఎలా లేపుతుందో చూద్దాం.