కలివికోడితో మొదలుపెట్టండి

పక్షుల స్టాంపులు పోగెయ్యాలన్న సరదా పుట్టగానే నేను చేసిన మొదటి పని ఎగ్జిబిషన్‌లో వంద స్టాంపుల ప్యాకెట్ కొనడం. మీరు ఆ పని చెయ్యకండి. అందులో సగం షార్జా, అజ్మాన్ అనే గల్ఫ్ రాజ్యాల పేర్లతో 1970 ప్రాంతంలో అచ్చయినవే. పైన పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, తిప్పి చూస్తే వెనక జిగురు అలాగే ఉంటుంది. ఏ ఉత్తరమూ ఎక్కకుండా, అమ్మకం కోసమే ముద్ర కొట్టేసినవన్నమాట. రంగులు మాత్రం బ్రహ్మాండం. మా అమ్మాయి నోటుబుక్కుల మీద అంటించుకుంది.

మనకు తెలిసిన పిట్టలతో మొదలుపెట్టండి. మాది టెక్కలి. తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టడం చూస్తూ పెరిగినదాన్ని. 1976లో భరత్‌పూర్ పక్షుల కేంద్రం మీద వచ్చిన 25 పైసల స్టాంపులో ఆ కొంగలే కనబడితే, ఊరివాళ్లు ఎదురైనట్టు అనిపించింది. తర్వాత వెతికింది 1980 నాటి బట్టమేకపిట్ట. మన రోళ్లపాడు గడ్డినేలల్లో తిరిగిన పిట్టే. ఇక కలివికోడి! 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. 1988లో దాని మీద రూపాయి స్టాంపు వేశారు. తెలుగువాళ్ల ఆల్బమ్‌లో మొదటి పేజీ దానిదే అని నా పట్టుదల.

కవరు మీది స్టాంపు తియ్యడానికి ఓపిక కావాలి. చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తిరించండి, అంచు పళ్లు తెగకూడదు. వెడల్పాటి పళ్లెంలో మామూలు నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా వదలండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో దానంతటదే జారుతుంది. లాగితే చిరుగుతుంది. తడి స్టాంపును తెల్లకాగితం మీద బోర్లా ఆరబెట్టి, రాత్రంతా లావుపాటి పుస్తకంలో నొక్కిపెట్టండి. ఎర్ర గ్రీటింగ్ కవర్లను విడిగా నానబెట్టాలి. నేను అన్నీ కలిపి వేస్తే ఆ పూట నా కొంగలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి.

అన్నిటినీ నీళ్లలో వెయ్యకూడదు కూడా. 1994లో నీటిపక్షుల మీద నాలుగు స్టాంపులు వచ్చాయి. సిరా నీళ్లలో కరిగిపోతోందని తపాలా శాఖ వెంటనే వెనక్కి తీసుకుంది. ఎవరైనా వాటిని అమ్ముతామంటే తొందరపడి డబ్బు తియ్యకండి, అనుభవమున్నవాళ్లకు ముందు చూపించండి.

కొత్తవాటికి దారి సులువు. హైదరాబాద్ ఆబిడ్స్ జీపీఓలో ఫిలాటెలీ బ్యూరో, అంటే స్టాంపులు పోగేసేవాళ్ల కోసం పెట్టిన విభాగం, ఉంది. అక్కడ డిపాజిట్ ఖాతా తెరిస్తే విడుదలైనవి పోస్టులో ఇంటికే వస్తాయి. పాతవాటికి డీలర్లే గతి.

వాడని స్టాంపులను చేత్తో ముట్టకండి, ట్వీజర్స్ వాడండి. మొన చదునుగా ఉండాలి, కనుబొమలకు వాడేది పనికిరాదు. జిగురు ఫోటో ఆల్బమ్ జోలికి అసలు పోవద్దు, స్టాక్‌బుక్ కొనండి, అంటే జిగురు లేకుండా స్టాంపులను పట్టీల్లో దోపుకునే పుస్తకం. మాలాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలం వచ్చిందంటే జిగురు పేజీకి పట్టేస్తుంది. అందుకే పుస్తకాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, పక్కన కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పడేస్తాను. ప్రతి స్టాంపు కింద చిన్న చీటీ మీద పిట్ట తెలుగు పేరు పెన్సిల్‌తో రాస్తాను. పేరు దొరకని పిట్టలకు మాత్రం ఖాళీ చీటీలే ఉన్నాయి.