బొగ్గు గనుల్లో దుమ్ము జబ్బు తగ్గుతోందా, పెరుగుతోందా? లెక్కలు ఎలా చూడాలి?

"ఈ ఏడాది కొత్త కేసులు లేవు" అని రిపోర్టులో రాసినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే న్యుమోకోనియోసిస్ బయటపడటానికి సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. జబ్బు ముదిరిన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు. కాబట్టి ఆ అంకెల్ని నిలదీసి చూడాలి. దశాబ్దాల లెక్కలు అమెరికాలో దొరుకుతాయి, అక్కడి నుంచే నేర్చుకుందాం.

ముందు సర్వీసు ఏళ్లను బట్టి విడదీయండి

నిన్న చేరిన కుర్రాణ్నీ, పాతికేళ్లు భూగర్భంలో పనిచేసినవాణ్నీ కలిపి సగటు తీస్తే అసలు సంగతి తెలియదు. అమెరికాలో 1969లో బొగ్గు గనుల ఆరోగ్య, భద్రతా చట్టం వచ్చింది, 1970 నుంచి గని కార్మికులకు ఎక్స్‌రేలు తీస్తున్నారు. పాతికేళ్లు పైబడి పనిచేసినవాళ్లలో మొదట్లో నూటికి 30 మందికి పైగా ఈ జబ్బు కనిపించింది. గాలిలో దుమ్ము క్యూబిక్ మీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని కట్టడి చేశాక, 1990ల చివరికి అది సుమారు ఐదుకు దిగింది. తర్వాత మళ్లీ ఎగబాకి 2010ల్లో పది దాటింది.

అంతటితో ఆగకుండా ప్రాంతాన్ని కూడా చూడండి. కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లోని అపలాచియన్ కొండల్లో అదే సర్వీసు ఉన్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉంది. దేశం మొత్తం సగటులో ఇది కనిపించదు.

పరీక్షకు రానివాళ్లెవరో అడగండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అమెరికాలో ఉద్యోగంలో చేరినప్పటి ఎక్స్‌రేలు తప్పనిసరి, తర్వాతవి కార్మికుడి ఇష్టం. ఉద్యోగం పోతుందన్న భయంతో చాలామంది వెళ్లరు. రిటైరైనవాళ్లూ, గని మూతపడి ఇంట్లో కూర్చున్నవాళ్లూ ఆ లెక్కలోకి సరిగా రాలేదు. చివరికి నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్‌ల రికార్డులు తిరగేస్తే, 2013 నుంచి 2017 మొదటి వరకు జబ్బు తీవ్రంగా ముదిరినవాళ్లు 416 మంది బయటపడ్డారు. వాళ్లలో చాలామంది అప్పటికే గని వదిలినవాళ్లు.

ఎక్స్‌రే ఎవరు చదివారు?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఈ జబ్బు పోయిందనే దశాబ్దాలుగా నమ్మారు. 2015లో కేసులు మళ్లీ బయటపడ్డాక పాత ఫిల్ములు నిపుణులతో చదివిస్తే, ముందు చదివినవాళ్లు కొన్నిటిలో మచ్చల్ని గుర్తించనే లేదని తేలింది. ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇచ్చే నమూనా ఫిల్ములతో పోల్చి చదివారో లేదో కనుక్కోండి.

దుమ్ములో ఏముందో చూడండి

మందపాటి బొగ్గు పొరలు అయిపోయేకొద్దీ మిషన్లు సన్నటి పొరల కోసం పైన, కింద ఉన్న రాయిని కూడా కోస్తాయి. ఆ రాతిలో సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) ఉంటుంది, అది బొగ్గు దుమ్ము కంటే చాలా ప్రమాదకరం. అపలాచియాలో వయసు తక్కువ ఉన్నవాళ్లకూ జబ్బు త్వరగా ముదరడానికి ప్రధాన కారణం ఇదేనని పరిశోధకులు అంటున్నారు. అందుకే మొత్తం దుమ్ము బరువుతో పాటు సిలికా ఎంత ఉందో విడిగా అడగాలి.

సింగరేణిలో ఇవే ప్రశ్నలు

1889లో యెల్లందులో మొదలైన తవ్వకాలు ఇప్పుడు ఎక్కువగా పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల్లోనే సాగుతున్నాయి. భూగర్భంలో దిగేవాళ్లు తగ్గితే కేసుల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. దుమ్ము తగ్గించినందుకే తగ్గిందని అనుకోవద్దు. ఎన్ని కేసులని కాకుండా, వంద మందిలో ఎందరికని అడగండి. రిటైరైనవాళ్లను కలిపారా అని కూడా అడగండి.

ఇంట్లో గనిలో పనిచేసినవాళ్లు ఉంటే, పీరియాడికల్ మెడికల్ రిపోర్టు కాపీ, ఎక్స్‌రే ఫిల్ములు పారేయకండి. ఏ గనిలో ఎన్నేళ్లు, కోల్ ఫిల్లరా, డ్రిల్లరా, టింబర్‌మ్యానా అన్నది ఒక కాగితం మీద రాసి ఫిల్ముతో పాటు పెట్టండి. దగ్గు, ఆయాసం ఉండి ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ అనుకునే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. గని డ్యూటీ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే ముందుగా చెప్పి, ఆ కాగితం చూపించండి.