తుఫాన్ల సీజన్ రాకముందే చెరువు మీద జనరేటర్ చూసుకోండి

జనరేటర్ ఉంది కదా అన్న ధీమాతో పడుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి, మా బాబాయి రొయ్యల చెరువు మీద ఆ రాత్రి జరిగింది చూసేవరకూ. నవంబర్ నెల, రెండు రోజులుగా ముసురు, రాత్రి రెండింటికి కరెంటు పోయింది. కాపలా కుర్రాడు పరిగెత్తి వెళ్లి సెల్ఫ్ కొట్టాడు, ఇంజన్ వెంటనే అందుకుంది, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగాయి, హమ్మయ్య అనుకునేలోపే ఎక్కిళ్లు వచ్చినట్టు ఊగి ఊగి ఆగిపోయింది. మళ్లీ కొడితే తిరుగుతుంది గానీ అంటుకోదు. డీజిల్ ఫిల్టర్ కింద గిన్నె విప్పి టార్చి వేస్తే అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, వాటి మీద డీజిల్ తేలుతోంది.

"సాయంత్రమే నిండా పోశాం కదా బాబాయ్" అన్నాను.

"పోశాం రా, నీళ్లు కూడా పోసినట్టున్నాం" అన్నాడు.

ట్యాంకు ఖాళీ చేసి, లైను శుభ్రం చేసి, మళ్లీ నడిపేసరికి గంటన్నర పట్టింది. తెల్లారేసరికి ఒక మూల రొయ్య తేలింది. పూర్తిగా పోలేదు, అదృష్టం, అప్పటికి ఇంకా ఒత్తుగా లేదు చెరువు.

ఆ నీళ్లు ఎక్కడివో తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది. డీజిల్ డ్రమ్ము షెడ్డు బయట నిలువుగా నిలబెట్టి ఉంది, మూత గట్టిగానే బిగించి ఉంది. కానీ డ్రమ్ము పై అంచు గట్టులా ఉంటుంది కదా, వాన పడితే ఆ పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి, మూత వాటి కింద మునిగి ఉంటుంది. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి మూత మరల సందుల్లోంచి కాస్త కాస్త బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే డ్రమ్ము మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, ఈసారి పీల్చేది గాలి కాదు, మూత మీద నిలిచిన నీళ్లు. మనం పోయకుండానే డ్రమ్ములోకి నీళ్లు చేరతాయన్నమాట. కాబట్టి డ్రమ్ముని కప్పు కింద పెట్టండి, బయట పెట్టక తప్పకపోతే పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే ఎత్తులో అడ్డంగా వచ్చేలా తిప్పి, దొర్లకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టండి. డ్రమ్ము అడుగు వరకూ ఎప్పుడూ తోడుకోకండి, అడుగున నాలుగు వేళ్లు వదిలేయండి. అనుమానం ఉంటే గాజు సీసాలో కొంచెం పట్టి అరగంట కదలకుండా ఉంచండి, నీళ్లుంటే కిందికి దిగి గీత గీసినట్టు కనపడతాయి. నల్లటి జిగురులాంటి పాచి కనపడితే ఆ డీజిల్ ఇంజన్‌కి పనికిరాదు, ట్యాంకు కూడా కడిగించుకోవాలి.

హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది, మిచాంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటింది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఎప్పుడైనా కరెంటు స్తంభాలు పడిపోవచ్చు. పైగా మబ్బు పట్టిన రోజున చెరువులో పాచి సరిగ్గా ఆక్సిజన్ తయారుచేయదు, రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ తాగేస్తుంది, తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అట్టడుగుకి పడుతుంది, కరెంటు పోయేది కూడా సరిగ్గా అలాంటి రాత్రే. అందుకే సెప్టెంబర్‌లో ఎండ ఉన్న ఒక పూట దీనికి కేటాయించండి.

ముందుగా, ఇంజన్ మీద చెయ్యి వేయకముందే, ఆటోమేటిక్‌గా స్టార్ట్ అయ్యే ప్యానెల్ ఉంటే దాన్ని ఆఫ్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. లేకపోతే మీరు ఫ్యాన్ బెల్టు మీద వేలు పెట్టిన క్షణంలోనే కరెంటు పోయి ఇంజన్ తనంతట తానే లేస్తుంది. రెండోది, తలుపు తీసి వెంటనే చేతులు పెట్టకండి, కర్రతో తట్టి టార్చి వేసి చూడండి. చెరువు గట్ల మీద వానాకాలంలో వెచ్చగా పొడిగా ఉండే చోటు జనరేటర్ ఒక్కటే, ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఎలుకలు వైర్ల మీది ప్లాస్టిక్ కొరికేస్తాయి, ఆల్టర్నేటర్ గాలి రంధ్రాల్లో గడ్డి గూడు పెడతాయి, అది వేడెక్కితే నిప్పే. సైలెన్సర్ గొట్టం మీద వాన పడకుండా బోర్లించిన డబ్బానో కట్టిన సంచో ఉంటే తీసేయడం మర్చిపోకండి. అసలు దానికి ఇరుసు మీద లేచి పడే రేకు మూత దొరుకుతుంది, అది పెట్టించుకుంటే ఈ గొడవ ఉండదు.

గొట్టంలోంచి వాన నీళ్లు దిగినట్టు ఏ మాత్రం అనుమానం ఉన్నా సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా చాలా తక్కువ, గాలి నొక్కుకుంటుంది గానీ నీళ్లు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఆపే లివర్ లాగి ఉంచి, ముందు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలం చూపించకుండా మెకానిక్‌ని పిలవండి.

ఆయిల్ పుల్ల తీసి చూడటం అందరికీ తెలుసు, కానీ చాలామంది మట్టం ఒక్కటే చూస్తారు. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి, రంగు చూడండి, వాసన చూడండి, వేళ్ల మధ్య రుద్దండి. నల్లగా ఉండటం తప్పేమీ కాదు, డీజిల్ ఇంజన్ ఆయిల్ నాలుగు గంటలు ఆడితేనే నల్లబడుతుంది. మజ్జిగలాగా, పాలు కలిపిన కాఫీలాగా కనపడితే నీళ్లు కలిశాయని అర్థం. పోసినదానికంటే మట్టం పెరిగి, పల్చగా, డీజిల్ వాసన వస్తుంటే "పర్లేదు, ఎక్కువే ఉంది" అని సంతోషించకండి, డీజిల్ లోపలికి దిగుతోంది, అలా నడిపితే బేరింగులు పోతాయి. గంటల మీటరు చూసి మాన్యువల్‌లో చెప్పినప్పుడు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి మార్చండి. అన్ని గంటలు ఆడకపోయినా ఏడాదికోసారి మార్చేయడమే మంచిది, ఆడని ఇంజన్‌లో కూడా ఆయిల్ పాడవుతుంది.

రేడియేటర్ విషయంలో మన డెల్టా వాళ్లు చేసే పెద్ద తప్పొకటుంది. పక్కనే బోరు ఉంది కదా అని ఆ నీళ్లే పోసేస్తారు. ఉప్పు నీళ్లు, పోనీ చప్ప నీళ్లే అనుకున్నా సున్నం ఎక్కువ. లోపల తుప్పు, పైన పెచ్చు కట్టి నీళ్లు తిరిగే దారులు మూసుకుపోతాయి, ఎండాకాలం ఎలాగోలా లాగి చివరికి రాత్రంతా ఆపకుండా నడపాల్సి వచ్చిన రోజే వేడెక్కి ఆగిపోతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయండి. వేడిగా ఉండగా మూత తిప్పకండి, ఆ ఆవిరి మొహం మీదికి కొడితే చర్మం ఊడివస్తుంది.

ఫ్యాన్ బెల్టుకి పగుళ్లు ఉన్నాయేమో చూసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు అటూ ఇటూ దిగాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపి, ఎక్కడైనా చిల్లుంటే మార్చేయాలి. ఫిల్టర్ లేకుండా "ఈ ఒక్క రాత్రికి" అని నడపకండి.

ఇక డీజిల్ లైను. ట్యాంకు అడుగున ఉన్న ప్లగ్గు, ఫిల్టర్ గిన్నె కింద ఉన్న మర విప్పి, నీళ్లూ మడ్డీ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. ఫిల్టర్ మార్చినా, ట్యాంకు పూర్తిగా అడుగంటినా లైనులో గాలి చేరుతుంది, అప్పుడు ఇంజన్ ఎంత తిప్పినా అంటుకోదు. ఫిల్టర్ మీద గాలి తీసే స్క్రూ ఒక మర వదులు చేసి, పక్కనున్న చేతి పంపు కొడుతుంటే ముందు నురగ, బుడగలు వస్తాయి, తర్వాత ధార ఒకటే వస్తుంది. అప్పుడు బిగించేయాలి. ఇది ఒక్కటి చెరువు మీద పడుకునే కుర్రాడికి నేర్పండి, ఒకసారి మీరు చూపించి, రెండోసారి అతని చేత చేయించండి, అర్ధరాత్రి మెకానిక్ ఫోన్ ఎత్తడు. ఇంజన్ ఆడుతుండగా నాజిల్ పైపుల దగ్గర చెమ్మ కనపడితే మాత్రం వేలితో తడమకండి, అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలాగా చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలాగే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది.

బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చగా, తెల్లగా బూజులాంటిది ఉంటే వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, వ్యాజిలిన్ రాయండి. నెగటివ్ ముందు విప్పాలి, చివర పెట్టాలి. మల్టీమీటరు పెడితే కదలకుండా ఉన్న 12 ఓల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి, 12.4 కంటే దిగితే చార్జింగ్ పెట్టండి. మీటరు బాగానే ఉన్నా సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైపోయినట్టే. ఏడాది మొత్తంలో ఎక్కువసార్లు మొండికేసేది ఇదే, ఈ ఒక్కదానికి మాత్రం బేరాలాడకుండా కొత్తది తెచ్చుకోండి.

ఇప్పుడు లోడు ఏమీ లేకుండా స్టార్ట్ చేయండి. సెల్ఫ్ పది సెకన్లకి మించి పట్టుకోకండి, అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. మూడుసార్లకీ రాకపోతే ఆపి కారణం వెతకాలి, నాలుగోసారికి సెల్ఫ్ మోటారు కూడా పోతుంది. పెట్రోల్‌లో ముంచిన గుడ్డ గాలి గొట్టం దగ్గర పెట్టి స్టార్ట్ చేసేవాళ్లని చూశాను, మొహం కాల్చుకున్నవాళ్లనీ చూశాను. ఇంజన్ అందుకున్నాక పది సెకన్లలోపు ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవాలి, లేవకపోతే ఆలోచించకుండా ఆపేయండి. మొదట్లో కాస్త తెల్ల పొగ మామూలే, వేడెక్కాక కూడా తగ్గకపోతే డీజిల్‌లో నీళ్లో నాజిల్ గొడవో అయి ఉంటుంది. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగంటే గాలి అందడం లేదు, లేదా లోడు ఎక్కువైంది.

ఖాళీగా ఐదు నిమిషాలు ఆడించి "బాగానే ఉంది" అని ఆపేయడం పరీక్ష కాదు. అసలు లోడు మీద కనీసం అరగంట నడపాలి, నెలకోసారి. ఎప్పుడూ ఖాళీగా తిప్పుతుంటే సగం కాలిన డీజిల్ జిడ్డులాగా సైలెన్సర్‌లో పేరుకుంటుంది. లెక్క చూడండి: 25 కేవీఏ జనరేటర్ అంటే 20 కిలోవాట్లు. 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఎనిమిది పెడితే నడుస్తున్నప్పుడు 14, 15 కిలోవాట్లు, హాయిగా లాగుతుంది. కానీ ఒక్కో మోటారూ లేచేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది, ఎనిమిదీ ఒకేసారి వేస్తే ఇంజన్ చచ్చిపోతుంది. కరెంటు పోగానే ముందు ఏరియేటర్ల స్విచ్‌లన్నీ ఆపి, జనరేటర్ స్టార్ట్ చేసి, మూడు నాలుగు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలబడ్డాక ఒక్కొక్కటీ వేయాలి. ఆపేటప్పుడు కూడా లోడు తీసేసి మూడు నిమిషాలు ఆడించి ఆపండి.

ఈ లెక్కన గంటకి నాలుగు లీటర్ల పైనే తాగుతుంది, రోజంతా నడిస్తే వంద లీటర్లు. తుఫాను హెచ్చరిక వచ్చాక బంకు దగ్గర క్యూలో నిలబడటం కంటే మూడు రోజులకి సరిపడా ముందే తెచ్చుకోవడం నయం. ట్యాంకు కూడా నిండుగా ఉంచండి, ఖాళీ జాగాలో చెమ్మ చేరి నీళ్లవుతుంది.

లైను కరెంటూ జనరేటర్ కరెంటూ ఒకదానితో ఒకటి కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వైరుని నేరుగా మెయిన్‌కి కలిపి నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మా గట్టు మీదే ఉన్నారు. మీ జనరేటర్ ఇచ్చే 415 ఓల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళితే అవతలి వైపు దాదాపు 11 వేల ఓల్టులవుతుంది. తుఫాను తెల్లారి స్తంభమెక్కి మీకోసం లైను సరిచేస్తున్న లైన్‌మన్ చేతిలో ఉండేది ఆ వైరే. చేంజోవర్ పెట్టించేదాకా జనరేటర్ ముట్టుకోవద్దని మా బాబాయికి కూడా గట్టిగానే చెప్పాను, కోపం వచ్చింది, పెట్టించాడు. ఎర్తింగ్ కూడా అప్పుడే చూపించుకోండి.

వాన జల్లు కొడుతోందని ఆడుతున్న జనరేటర్ చుట్టూ టార్పాలిన్ కట్టేయకండి, వెచ్చగా ఉంటుందని ఆ షెడ్డులో మంచం వేయనివ్వకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాడికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు. కాపలావాళ్ల గది వైపు పొగ గొట్టం తిరిగి ఉంటే ఇప్పుడే మళ్లించండి.

గట్టు మునిగి నీళ్లు జనరేటర్ అడుగు ఫ్రేము దాటి పైకి వచ్చాయంటే, దిగిపోయాక ఎంత ఎండ కాసినా స్టార్ట్ చేయొద్దు. ఆయిల్, ఫిల్టర్లు, డీజిల్ అన్నీ మార్చి, ఆల్టర్నేటర్ ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి సరే అన్నాకే తాళం చెవి తిప్పాలి. ఈలోపు అద్దెకి జనరేటర్ ఎవరి దగ్గర దొరుకుతుందో, ఆ ఫోన్ నంబరు ఇప్పుడే షెడ్డు తలుపు లోపలి వైపు రాసిపెట్టుకోండి, బొగ్గుతో రాస్తే చెమ్మకి పోతుంది, పెయింటుతో రాయండి.