ఏ అతుకుకు ఏ జిగురు? మూడో పాఠం: పింగాణీ, స్టీలు, ప్లాస్టిక్

గత పాఠంలో అతకబోయే ముఖాలను గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడవడం నేర్చుకున్నాం. ఇక జిగురు ఎంచుకోవాలి. దుకాణంలో 'అన్నిటికన్నా గట్టిది ఇవ్వండి' అని అడగకండి. దేనిని దేనికి అతుకుతున్నారో, అది ఎండలో ఉంటుందో, దెబ్బలు తింటుందో ముందు చూసుకోండి.

కడపలో మా ఇంటి ఊరగాయ జాడీ మూతకు పిడి విరిగితే, అక్కడ స్టీలు పిడి అతకబోయాను. తొందరపడి సయనోఅక్రిలేట్, అంటే చుక్క వేయగానే పట్టే జిగురు, వాడాను. నిమిషంలో పట్టింది. వారం తిరగకుండానే, మూతను వంటగట్టు కడప బండ మీద పెట్టిన అదురుకు పిడి ఊడి చేతిలోకి వచ్చింది. తప్పు నాదే. ఆ జిగురు తేమ తగిలి గట్టిపడుతుంది. రెండు ముఖాలూ సందు లేకుండా కలిసినచోట, పలచని పొరగానే దానికి బలం. విరిగిన పింగాణీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ గుంటలను అది నింపలేదు, పైగా పెళుసు.

అక్కడ కావలసింది ఎపాక్సీ, అంటే రెండు ట్యూబుల్లోదీ కలిపి వాడే జిగురు. సందులను నింపుతుంది. వేడికి స్టీలు పింగాణీకంటే రెండు మూడింతలు వ్యాకోచిస్తుంది; పొర కాస్త మందంగా ఉంటే ఆ లాగుడును ఓర్చుకుంటుంది. ట్యూబు మీద చెప్పిన పాళ్లలోనే తీసుకుని, చారలు కనిపించకుండా పోయేవరకు కలపండి. మన మే నెల ఎండల్లో ఇది అనుకున్నదానికంటే ముందే బిగుసుకుంటుంది. గిన్నెలో ముద్దగా ఉంచితే తన వేడికి తానే ఇంకా త్వరపడుతుంది. అందుకే కొద్దికొద్దిగా కలిపి, పాత పలక మీద పలచగా పరచుకోండి. నిదానంగా పట్టే రకమైతే ఒక రోజంతా కదిలించకండి. పచ్చడి తగిలే లోపలివైపు మాత్రం జిగురు వద్దు.

ప్లాస్టిక్ సంగతి వేరు. డబ్బా అడుగున త్రికోణంలో 2 లేదా 5 ఉంటే అది పాలిథిన్ లేదా పాలిప్రొపిలిన్. దాని మీద నీటి చుక్క వేయండి: పరుచుకోకుండా పూసలా నిలబడుతుంది. నీరు అంటని చోట మామూలు జిగురూ అంటదు. బోల్టు వేయడమే మేలు. పీవీసీ పైపుల సిమెంటు పీవీసీ ముఖాన్ని కరిగించి కలుపుతుంది కాబట్టి పైపులకు భేషు. స్టీలుకు, పింగాణీకి పనికిరాదు.

వచ్చే పాఠానికి ఇంట్లో విరిగిన మూడు వస్తువులు తీసి, ఒక్కొక్కదాని మీద నీటి చుక్క ఎలా నిలిచిందో రాసిపెట్టుకోండి. జిగురు ఆరేదాకా వాటిని బిగించి ఉంచడం అప్పుడు చూద్దాం.