పాడుబడిన అమెరికన్ పట్టణం ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకోవడం ఎలా?

పాడుబడిన పట్టణం గురించి ఎక్కువగా ప్రచారంలో ఉండేది అక్కడ జరిగిన చివరి ప్రమాదం. అసలు కారణం సాధారణంగా అంతకు ముందే ఉంటుంది. దానిని వెతికే పద్ధతి ఇది.

మొదట ఆ పట్టణం ఏ రాష్ట్రంలో, ఏ కౌంటీలో (మన జిల్లా వంటి విభాగం) ఉండేదో రూఢి చేసుకోవాలి. అమెరికాలో ఒకే పేరుగల ఊళ్లు అనేకం ఉన్నాయి.

తరువాత పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల నుంచి ఆ ఊరి సంఖ్యలను వరుసగా రాసుకోవాలి. ఈ మెట్టు దగ్గరే సగం చిక్కు వీడుతుంది. కాలిఫోర్నియాలోని బంగారు గనుల పట్టణం బోడీలో చాలా భాగం 1932లో కాలిపోయింది కనుక మంటలే ఊరిని మింగేశాయనిపిస్తుంది. కానీ 1910లో 698 మంది ఉన్న ఆ ఊళ్లో 1920 నాటికి మిగిలింది 120 మందే. ఈ రెండు లెక్కల నడుమ, 1913లో, అక్కడి ప్రధాన గని స్టాండర్డ్ మూతపడింది. పోస్టాఫీసు మాత్రం 1942 దాకా నడిచింది కాబట్టి, దాని మూసివేతను బట్టి ఊరు ఖాళీ అయిన కాలాన్ని నిర్ణయించకూడదు.

ఇక ఎవరు ఏ పని చేసి బతికారో ఇంటింటి గణన పత్రాలలో చూడాలి. డెబ్బై రెండేళ్లు నిండనివి బయటపెట్టరు కనుక ప్రస్తుతం 1950 వరకే లభిస్తాయి. 1890 నాటివి దాదాపు అన్నీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల పోయాయి. పడమటి గనుల ఊళ్లకు ఎంతో అవసరమైన దశాబ్దమే అలా పోవడం విచారకరం.

ఆ ఖాళీని పూరించడానికి అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా అందించే సాన్‌బోర్న్ పటాలు, అంటే అగ్ని బీమా కంపెనీల కోసం ఊళ్లలోని ఒక్కో కట్టడాన్నీ చూపుతూ గీసిన పటాలు తెరవాలి. వాటిలో ఇటుక కట్టడానికి గులాబీ రంగు, కొయ్య కట్టడానికి పసుపు రంగు వేసి, మనుషులు లేని కట్టడాలపై ఖాళీ అని గుర్తు పెట్టేవారు. ఒకే వీధిని వేర్వేరు సంవత్సరాల పటాలలో పోల్చితే ఏ దుకాణం ముందు మూతపడిందో తెలుస్తుంది. నాటి స్థానిక పత్రికలనూ చదవాలి గానీ, ప్రకటనలపై బతికే సంపాదకుడు ఊరి పతనాన్ని త్వరగా ఒప్పుకోడని గుర్తుంచుకోవాలి.

చివరగా సంఘటనలను సంవత్సరాలవారీగా పేర్చాలి. ఓక్లహోమాలోని పిచర్‌ను 2008లో టోర్నడో ధ్వంసం చేసింది; అయితే సీసం, జింకు తవ్వకాలు 1967కే ఆగిపోయాయి, 1983లో ఆ ప్రాంతం తీవ్ర కాలుష్య స్థలాల జాబితాకెక్కింది, 2006లో ఊరి కింది నేల కుంగే ప్రమాదం ఉందని ఇంజనీర్లు తేల్చారు. పెన్సిల్వేనియాలోని సెంట్రేలియా మాత్రం ఇందుకు భిన్నం: 1962లో బొగ్గు పొరలకు అంటుకున్న మంటే ఆ ఊరి తరలింపునకు మూలం, అందుకోసం 1984లో అమెరికన్ కాంగ్రెస్ 4.2 కోట్ల డాలర్లు కేటాయించింది.