మామూలు బాతుల గుంపులోనే అరుదైన పిట్ట

నేను గూడ్స్ ట్రైన్ మేనేజర్ని, అంటే పాత పేరుతో గార్డుని. గుడివాడ–భీమవరం లైన్లో కైకలూరు దగ్గర సిగ్నల్ పడక బండి ఆగితే లోకో పైలట్ విసుక్కుంటాడు. నేను చేపల చెరువుల మీద ఏం వాలిందా అని చూస్తుంటా. మా కుర్రాళ్లు ప్రతి చలికాలం అడుగుతారు, "అన్నా, ఈసారి కొత్త పిట్ట ఎక్కడ కనపడుద్ది?" అని. ముందు పాత పిట్టలు తెలియాలిరా అంటా.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన వైపు సూదితోక, గార్గనీ, షవలర్ అనే వలస బాతులు దిగుతాయి. ఈ మూడూ కంటికి బాగా అలవాటు కావాలి. సూదితోక మగదానికి చాక్లెట్ రంగు తల, మెడ పక్కన పైకి పాకిన తెల్ల చార. గార్గనీ మగదానికి కంటి మీద తెల్లని కనుబొమ్మ. షవలర్ ముక్కు గరిటెలా వెడల్పుగా ఉంటుంది. అయితే సీజన్ మొదట్లో మగవి చాలావరకు ఆడవాటిలాగే మట్టి రంగులో ఉంటాయి కాబట్టి రంగుని నమ్మకండి. ముక్కు ఆకారం, మెడ పొడుగు చూడండి.

8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) సరిపోతాయి. గుంపు ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కో తలా చూసుకుంటూ కుడి చివరకి రండి. విసుగే, కానీ వేరే దారి లేదు. తెల్లని తల వెనక రెండు నల్ల పట్టీలు కనిపిస్తే హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్. ఒళ్లంతా నారింజ రంగు, తల మాత్రం లేత రంగు అయితే బాపన బాతు. గుంపు ఒక్కసారిగా లేచిందంటే పైకి చూడండి, బాతుల్ని వేటాడే గద్ద లాంటి పిట్ట, మార్ష్ హారియర్ తిరుగుతుండొచ్చు. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఏదో పేరు చెప్పిందని వెంటనే రాసేయకండి. ముక్కు, కాళ్లు, రెక్క మీద చారలు సరిచూశాకే రాయండి.

కృష్ణలో ఇసుక తిన్నెలు చూడాలంటే నేను విజయవాడకి ఎదురుగా, దక్షిణాన ఉన్న సీతానగరం ఒడ్డుకే వెళ్తా. చలికాలం సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కదా, అటు నిలబడి ఉత్తరంగా చూస్తే ఎండ కళ్లలో పడదు. అవతలి ఒడ్డు నుంచి చూస్తే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు సంగతి వేరు. అక్కడ గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు చలికాలంలో పిల్లలతో ఉంటాయి. చిన్న చెరువు, గూళ్లు మనకు బాగా దగ్గర. అరిచినా, చప్పట్లు కొట్టినా తల్లి లేస్తుంది. ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, లేదా రెక్కల నీడ పోయి పిల్లలు ఎండకు వడలిపోతాయి. ఎగిరే ఫోటో కోసం రాయి విసిరేవాళ్లని చూశా. వాళ్లతో మర్యాదగా మాట్లాడటం నా వల్ల కాదు. డ్రోన్, ఫోన్లో పిట్ట కూత వినిపించి పిలవడం, రెండూ వద్దు.

చేపల చెరువుల దగ్గర ఇంకో పద్ధతి. గట్టు ఒకరి సొంతం. పిట్టలు చేపలు తింటాయని రైతులు టపాసులు కాలుస్తారు, కెమెరా చూస్తే వాళ్లకి టెన్షన్. కాపలా మనిషిని ముందే పలకరించండి: "బాబాయ్, పిట్టల్ని చూసుకుని పోతా, గట్టు దిగను." నిన్న సాయంత్రం ఏ మూల ఏం వాలిందో ఆయనకు మనకంటే బాగా తెలుసు. బైక్ రోడ్డు మీదే ఆపండి, అక్కడ వడ్లు ఆరబోస్తే ఇంకాస్త దూరంగా.

నిజంగా అరుదైనది దొరికితే మొదటి రోజే లొకేషన్ గ్రూపుల్లో పెట్టొద్దు. ముప్ఫై బైకులొస్తే పిట్టా ఉండదు, రైతు మళ్లీ రానివ్వడు. పరిశోధకులు వేసిన రింగు కాలికి గానీ, పట్టీ మెడకి గానీ ఉంటే మాత్రం దూరం నుంచే దాని మీది అక్షరాలు, అంకెలు, రంగు తెలిసేలా ఫోటో తీసి, తేదీ, ఊరు రాసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.